బలం లేని పాదుషా పేరు ఎందుకు చెల్లింది? పుదుచ్చేరి దుబాసీ ఆనంద రంగ పిళ్ళై జీవితం చెప్పే సంగతి

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ దగ్గర దాదాపు మూడు వందల ఏళ్ల నాటి మేడ ఒకటి ఉంది. కింది అంతస్తులో చెక్కడపు పని ఉన్న కొయ్య స్తంభాలు, పై అంతస్తులో ఫ్రెంచి తరహా తెల్లటి స్తంభాలు. 1730లలో దాన్ని కట్టించుకున్న ఆనంద రంగ పిళ్ళై ఫ్రెంచి కంపెనీ గవర్నరుకు దుబాసీ. ఇంటి అంతస్తుల్లాగే ఆయన జీవితంలోనూ రెండు వరసలున్నాయి. కొలువు ఫ్రెంచివారిది. హోదా మాత్రం మొగల్ పాదుషా పేరు మీద వచ్చింది. పాదుషా ఉన్న ఢిల్లీ ఎక్కడో రెండు వేల కిలోమీటర్ల అవతల. ఆ నగరాన్ని 1739లో నాదిర్ షా దోచుకుపోయాడు. అయినా ఆ తర్వాత పదేళ్లకు పాండిచ్చేరిలో ఒక దుబాసీకి దక్కిన గొప్ప గౌరవం మొగల్ మన్సబే.

పిళ్ళైని మనం సాధారణంగా డైరీ రాసిన మనిషిగా గుర్తుంచుకుంటాం. 1736 సెప్టెంబరు 6న మొదలుపెట్టి, మధ్యలో ఖాళీలున్నా, చనిపోయేదాకా పాతికేళ్లపాటు ఆయన వాడుక తమిళంలో దినచర్య రాశాడు. తెలుగు సాహిత్యంలోనూ ఆయన పేరు నిలిచింది. కస్తూరి రంగకవి రాసిన ఛందోగ్రంథం ఆయన పేరు మీదే ఆనందరంగరాట్ఛందము అయింది. ఈ వ్యాసం మాత్రం మరో సంగతి కోసం ఆయన జీవితాన్ని చూస్తుంది. సైన్యం, ఖజానా, రాజధాని అన్నీ బలహీనపడ్డాక కూడా ఒక సామ్రాజ్యం ఎలా బతుకుతుంది? ఎక్కడ విరుగుతుంది? ఆ రెండింటినీ దగ్గర నుంచి చూసినవాడు పిళ్ళై.

కాగితం బలం తెలిసిన కుటుంబం

ఆనంద రంగ పిళ్ళై 1709 మార్చి 30న మద్రాసు పెరంబూరులో పుట్టాడు. తండ్రి తిరువేంగడ పిళ్ళై వర్తకుడు. తండ్రికి బావమరిది వరసైన నైనియ పిళ్ళై అప్పటికే పాండిచ్చేరిలో ఫ్రెంచి కంపెనీకి ముఖ్య దుబాసీ. ఆయన పిలుపు మీదే ఈ కుటుంబం పాండిచ్చేరి చేరింది.

దుబాసీ అంటే ద్విభాషి. పేరుకు రెండు భాషలు తెలిసినవాడే గానీ, పని అంతకంటే చాలా పెద్దది. నేతగాళ్లకు బయానాలు ఇప్పించాలి, సరుకు రాబట్టాలి, కంపెనీకి అప్పులు పుట్టించాలి. చుట్టుపక్కల అధికారులకు ఏ పండక్కి ఏ కానుక పంపాలో చూడాలి. ఊళ్లో కులాల తగవులు తీర్చాలి. గవర్నరుకు కళ్లూ చెవులూ తానే కావాలి. అందుకే దుబాసీ మీద గవర్నరుకు కోపం వస్తే ఆ దెబ్బ మామూలుగా ఉండదు.

నైనియ పిళ్ళైకి జరిగింది అదే. 1716లో గవర్నర్ ఎబేర్ ఆయన్ని ఖైదు చేయించాడు. విచారణ జరిపి జైలు, కొరడా దెబ్బలు, జుర్మానా వేశారు. మరుసటేడు ఆయన జైల్లోనే చనిపోయాడు. కొడుకు గురువ పిళ్ళై అక్కడితో ఊరుకోలేదు. తప్పించుకుని మద్రాసు చేరి, అక్కడి నుంచి ఇంగ్లండు మీదుగా ఫ్రాన్స్ వెళ్లాడు. రాజప్రతినిధి అర్లియాన్ డ్యూక్ దగ్గరికి మొర తీసుకుపోయాడు. క్రైస్తవం పుచ్చుకున్నాడు. సెయింట్ మిషెల్ పతకం పొందాడు. తండ్రి నిర్దోషి అన్న తీర్పు, ముఖ్య దుబాసీ పదవి రెండూ సంపాదించుకుని తిరిగొచ్చాడు. 1724లో మరణించేదాకా ఆ పదవిలో ఉన్నాడు.

ఇదంతా రంగ పిళ్ళైకి పదిహేనేళ్లు రాకముందే జరిగిపోయింది. దగ్గరున్న అధికారి కొరడా ఎత్తగలడు. దూరాన ఉన్న ప్రభువు సంతకం ఆ అధికారి తీర్పును తిరగరాయగలదు. అయితే ఆ సంతకం పనిచేయడానికి ఒక కారణం ఉంది. తగువు విని తీర్పు చెప్పే చోటు ఒకటి పారిస్‌లో ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

1726లో తండ్రి పోయాడు. గవర్నర్ లెన్వార్ ఈ యువకుడిలోని చురుకు గమనించి, పోర్టోనోవో వ్యాపారం చూసే బాధ్యత ఇచ్చాడు. బట్టలు, నీలిమందు, వక్కల వ్యాపారంలో పిళ్ళై సొంతంగానూ ఎదిగాడు. ఆనందప్పురవి అనే ఓడ కూడా ఆయనకుండేది. కానీ ముఖ్య దుబాసీ పదవి కనకరాయ ముదలి చేతిలో ఉంది. అది పిళ్ళైకి అందడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

పాదుషా పేరుతో ఫ్రెంచి రూపాయి

డైరీ మొదలైన 1736లోనే ఫ్రెంచివారికి పెద్ద వరం దొరికింది. పాండిచ్చేరిలో రూపాయలు ముద్రించుకునే హక్కు వచ్చింది. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ ద్వారా అది సాధించినవాడు గవర్నర్ డ్యూమా. టంకశాల ఫ్రెంచివారిది, వెండి ఫ్రెంచివారు తెచ్చుకున్నది. నాణెం మీద పేరు మాత్రం పాదుషా మహమ్మద్ షాది. ఫ్రాన్స్ రాజు పేరుతో ముద్రిస్తే ఊరి సరిహద్దు దాటాక ఎవరూ తీసుకోరు. పాదుషా పేరుంటే నేతగాడి నుంచి షరాబు దాకా అందరూ తీసుకుంటారు.

అప్పటి దక్షిణాది అధికారపు నిచ్చెన ఇలా ఉండేది. పైన ఢిల్లీ పాదుషా. ఆయన కింద దక్కన్ సుబేదారు, అంటే హైదరాబాద్ నిజాం. నిజాం కింద ఆర్కాటు నవాబు. నవాబు కింద ఖిల్లేదారులు, జాగీరుదారులు, పాలెగాళ్లు. 1724 నుంచి నిజాం ఆచరణలో స్వతంత్రుడే. పన్నులు ఆయనే వసూలు చేసుకున్నాడు, యుద్ధాలు ఆయనే చేశాడు. కానీ పాదుషానని ఎన్నడూ ప్రకటించుకోలేదు. పాదుషాను కాదంటే తన సుబేదారీకి ఆధారం పోతుంది. నిజాంను కాదంటే నవాబుకూ అదే గతి. కాబట్టి పై మెట్టుకు లొంగకుండానే, ఆ మెట్టు కూలిపోకుండా ప్రతివాడూ పట్టుకుని ఉన్నాడు.

ఫ్రెంచివారు ఈ నిచ్చెన ఎక్కింది 1740 తర్వాత. ఆ ఏడాది మేలో మరాఠా సేనాని రఘోజీ భోంస్లే చిత్తూరు ప్రాంతంలోని దామలచెరువు కనుమ దగ్గర దోస్త్ అలీని ఓడించి చంపాడు. నవాబు కుటుంబం వాళ్లు, అల్లుడు చందా సాహెబు భార్యతో సహా పాండిచ్చేరి గోడల మాటుకు చేరారు. వాళ్లను అప్పగించమని మరాఠాలు అడిగితే డ్యూమా ఒప్పుకోలేదు. దానికి బహుమానంగా పాదుషా పేరు మీద ఆయనకు నవాబు బిరుదు, 4,500 గుర్రాల మన్సబు వచ్చాయి. వాటిని తన తర్వాతి గవర్నరుకు కూడా చెల్లేలా చేయించుకుని డ్యూమా వెళ్లిపోయాడు. 1742లో ఆ గవర్నరుగా వచ్చినవాడు డూప్లే. అప్పటికి నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టి మూడేళ్లు. ఖజానా ఖాళీ అయినా బిరుదుల విలువ పడిపోలేదు.

యూరప్‌లోనూ ఇలాంటిదే ఒకటి

ఫ్రెంచివారికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. వాళ్ల పొరుగునే పవిత్ర రోమన్ సామ్రాజ్యం ఉంది. 962లో ఒట్టో పట్టాభిషేకంతో లెక్కేస్తే అప్పటికే దాదాపు ఎనిమిది వందల ఏళ్లది. నేటి జర్మనీ, ఆస్ట్రియా, చెక్ ప్రాంతాలు, మరికొన్ని నేలలు కలిసిన ఆ సామ్రాజ్యంలో మూడు వందల దాకా రాజ్యాలు, మఠాలు, స్వేచ్ఛా నగరాలు ఉండేవి. చక్రవర్తికి సామ్రాజ్యమంతటికీ చెందిన సొంత సైన్యం లేదు. తిన్నగా వసూలు చేసుకునే పన్ను దాదాపు లేదు. స్థిరమైన రాజధాని కూడా లేదు.

మరి అంతకాలం ఎలా నిలిచింది? ఒక కారణం మన నిచ్చెన లాంటిదే. ప్రతి చిన్న ప్రభువు హోదాకూ పైనున్న చక్రవర్తి పేరే ఆధారం. చక్రవర్తి లేకపోతే పక్కనున్న పెద్ద ప్రభువు చిన్నవాణ్ని మింగేస్తాడు. బ్రాండెన్‌బర్గ్ పాలకుడు 1701లో రాజు అనిపించుకోవాలనుకున్నప్పుడు, కిరీటం సామ్రాజ్యం వెలుపలి ప్రష్యాదే అయినా, ముందుగా చక్రవర్తి సమ్మతి సంపాదించాడు.

రెండో కారణం మన దగ్గర లేనిది. ఎవరు చక్రవర్తి కావాలన్నది ఎవరు తేల్చాలో 1356 నాటి స్వర్ణ శాసనం రాసి పెట్టింది. ఏడుగురు ఎలక్టర్లు, ముగ్గురు ఆర్చిబిషప్పులు, నలుగురు ప్రభువులు. మెజారిటీ వోటు చాలు. 1495లో ప్రభువుల మధ్య సొంత యుద్ధాలను నిషేధించి, తగవులు విచారించడానికి సామ్రాజ్య న్యాయస్థానం పెట్టారు. 1663 నుంచి రేగెన్స్‌బర్గ్‌లో సామ్రాజ్య సభ ఎడతెగకుండా కూర్చుంది. ఆ కోర్టులో కేసులు దశాబ్దాలు నానేవి. తీర్పు అమలు కష్టమే. యుద్ధాలూ ఆగిపోలేదు. అయినా ఇద్దరు మనుషులు ఒకే జాగా తమదని కాగితాలు చూపితే, ఏది చెల్లుతుందో అడగడానికి ఒక గుమ్మం ఉండేది.

మొగలాయీలో ఒకప్పుడు ఆ గుమ్మం పాదుషా దర్బారే. సింహాసనానికి వారసుడెవరో చెప్పే కట్టడి మాత్రం ఎన్నడూ లేదు. అన్నదమ్ములు యుద్ధంలో తేల్చుకునేవారు. పాదుషా బలవంతుడైనంత కాలం కింది పదవుల తగవులు ఆయన తీర్చేవాడు. ఆయన బలం తగ్గాక బిరుదుల అచ్చు మిగిలింది, తీర్పు చెప్పే గుమ్మం మూతబడింది. పిళ్ళై జీవితంలోని తర్వాతి ఇరవై ఏళ్లు ఈ లోటు చుట్టూనే తిరుగుతాయి.

ముఖ్య దుబాసీ

యూరప్ సామ్రాజ్యానికీ ఒక సంక్షోభం వచ్చింది. 1740 అక్టోబరులో చక్రవర్తి ఆరో చార్లెస్ కొడుకుల్లేకుండా చనిపోయాడు. కూతురు మరియా థెరిసా వారసత్వం మీద యుద్ధం మొదలైంది. 1742లో ఎలక్టర్లు బవేరియా ప్రభువును చక్రవర్తిగా ఎన్నుకున్నారు. ఆయన పట్టాభిషేకం జరిగిన రోజుల్లోనే సొంత రాజధాని మ్యూనిక్ ఆస్ట్రియా సేనల పాలైంది. ఇంత అవమానం జరిగినా ఆయన చక్రవర్తిగానే చనిపోయాడు. 1745లో మళ్లీ ఎన్నిక జరిగింది. ఆ యుద్ధంలో ఫ్రాన్స్, ఇంగ్లండు 1744 నుంచి ఎదురెదురుగా దిగాయి. ఆ సెగ చోళమండల తీరాన్ని తాకింది.

మొదట్లో ఇక్కడి నిచ్చెన పనిచేసింది. ఇంగ్లీషు ఓడలు పాండిచ్చేరిని బెదిరించినప్పుడు డూప్లే ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్‌ను ఆశ్రయించాడు. తన నేల మీద యుద్ధం కూడదని నవాబు హెచ్చరిస్తే మద్రాసు ఇంగ్లీషువారు తగ్గారు. 1746లో పరిస్థితి తలకిందులైంది. ఫ్రెంచి నౌకాదళం మద్రాసును పట్టుకుంది. నవాబు హెచ్చరించాడు. పట్నం మీకే అప్పగిస్తామని డూప్లే మాటిచ్చి తప్పాడు. నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో వచ్చాడు. అడయారు ఒడ్డున కొన్ని వందల మంది ఫ్రెంచి, దేశీ సిపాయిలు ఆ సైన్యాన్ని చెదరగొట్టారు. నవాబు మాటకు వెనక బలం ఎంతో ఆ రోజున అందరికీ తెలిసిపోయింది.

ఆ ఏడాదే కనకరాయ ముదలి చనిపోయాడు. పదవి పిళ్ళైకి దక్కడం సులువు కాలేదు. దుబాసీ క్రైస్తవుడై ఉండాలని పాదరీలు పట్టుబట్టారు. పాండిచ్చేరిలోనే పుట్టి పెరిగిన డూప్లే భార్య జాన్ కూడా పిళ్ళైకి వ్యతిరేకమే. ఊళ్లో తన సొంత మనుషులతో వేరే వార్తాజాలం నడిపిన మనిషి ఆమె. చివరికి డూప్లే పిళ్ళై వైపే మొగ్గాడు. 1747లో ముఖ్య దుబాసీ పదవి ఖాయమైంది. గవర్నరు మేడ లోపలిదాకా పల్లకీలో మేళతాళాలతో వెళ్లే గౌరవం ఆయనకుండేది.

ఆ గౌరవానికి హద్దు ఎక్కడుందో 1748లో తేలింది. ఇంగ్లీషు నౌకాదళం పాండిచ్చేరిని ముట్టడించిన సెప్టెంబరు నెలలో, ఫ్రెంచివారు ఊళ్లోని వేదపురీశ్వర ఆలయాన్ని కూల్చివేశారు. ఎప్పటినుంచో పాదరీలు కోరుతున్నదే అది. హిందువుల తరఫున గవర్నరు దగ్గర నిలబడాల్సిన పెద్ద పిళ్ళైయే. ఆయన ఆపలేకపోయాడు. ఆ బాధను డైరీలో రాసుకున్నాడు, పదవిలో కొనసాగాడు. ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఈ ఘట్టాన్నే చూపుతారు. దుబాసీ అధికారం అంతా గవర్నరు చెవి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుందని కూడా ఇదే చూపుతుంది.

మన్సబుదారు పిళ్ళై

1748లో పాదుషా మహమ్మద్ షా, నిజాం ఉల్ ముల్క్ కొన్ని వారాల తేడాలో కన్నుమూశారు. నిజాం కొడుకు నాసిర్ జంగ్, మనవడు ముజఫర్ జంగ్ ఇద్దరూ సుబేదారీ తనదే అన్నారు. ఇద్దరూ ఢిల్లీ అండ తమకే ఉందన్నారు. ఆర్కాటులోనూ అదే పరిస్థితి. అన్వరుద్దీన్ మీదికి చందా సాహెబు లేచాడు. స్వర్ణ శాసనం ఉన్న చోట ఎలక్టర్లు కూర్చుంటారు. ఇక్కడ ఎవరి కాగితం అసలుదో చెప్పగల శక్తి ఢిల్లీకి లేదు. అందువల్ల కాగితం ఉన్న ప్రతివాడికీ ఫిరంగులు కావాల్సి వచ్చింది. ఫిరంగులున్న డూప్లేకు కాగితం కావాలి. ఆ బేరం అక్కడ కుదిరింది.

1749 ఆగస్టు 3న ఆంబూరు దగ్గర అన్వరుద్దీన్ చనిపోయాడు. గెలిచిన ముజఫర్ జంగ్, చందా సాహెబు పాండిచ్చేరికి విజయయాత్రగా వచ్చారు. విలియనూరు, బాహూరు చుట్టుపక్కల ఎనభై పైచిలుకు గ్రామాలు ఫ్రెంచివారికి రాసిచ్చారు. ఆ సందర్భంలోనే ముజఫర్ జంగ్ ఆనంద రంగ పిళ్ళైకి 3,000 గుర్రాల మన్సబు, వజారత్ రాయ విజయ అనే బిరుదు ఇచ్చాడు. చెంగల్పట్టు కోట ఆధిపత్యం, ఆ సీమ జాగీరు కూడా ఆయన పేర రాశాడు.

ఒక్కసారి ఆ లెక్క చూడండి. గవర్నర్ డ్యూమాకు వచ్చింది 4,500 మన్సబు. ఆయన కంపెనీ దుబాసీకి 3,000. ఫ్రెంచి కొలువులో వీళ్ల మధ్య యజమాని, సేవకుడి దూరం. మొగలాయీ నిచ్చెన మీద చూస్తే కొన్ని మెట్ల తేడా మాత్రమే. అందుకే పిళ్ళైకి ఆ బిరుదు అంత ముఖ్యమైంది. గవర్నరు మారితే దుబాసీ పదవి పోతుంది. తన పెద్దల ఇంట్లో ఆయన చూసింది అదే. పాదుషా పేరు మీద వచ్చిన హోదా ఏ గవర్నరూ తీసేయలేనిది. ఏ దర్బారులో ఎవరికి ఎన్ని ఫిరంగులు పేల్చారో, ఎవరికి ఏ ఖిల్లత్తు కప్పారో ఆయన డైరీలో అంత శ్రద్ధగా లెక్క పెట్టడం కేవలం ఆడంబరం మీద మోజు కాదు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకునే కొలబద్ద అదే.

1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసిర్ జంగ్ తన పక్షంలోనే ఉన్న కడప నవాబు చేతిలో హతమయ్యాడు. ముజఫర్ జంగ్ పాండిచ్చేరిలో వైభవంగా దర్బారు చేశాడు. డూప్లేకు జఫర్ జంగ్ బిరుదు, కృష్ణకు దక్షిణాన ఉన్న దేశం మీద అధికారం, ఫ్రెంచివారికి మచిలీపట్నం ఇచ్చాడు. ఫ్రెంచి గవర్నరు మొగల్ ఉమరావు దుస్తుల్లో ఆ దర్బారులో కూర్చున్నాడు. రెండు నెలలు తిరక్కుండానే, 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్‌ను కూడా పఠాన్ నవాబులే చంపారు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. దక్కన్ సుబేదారును ఎంచుకునే పని ఒక ఫ్రెంచి సైనికాధికారి చేతికి వచ్చింది. అయినా అతను సుబేదారీని రద్దు చేయలేదు. రద్దు చేస్తే తన చేతిలోని సనదుల విలువ కూడా పోతుంది.

పిళ్ళై చెంగల్పట్టు సంగతీ తేలిపోయింది. 1752లో క్లైవు ఆ కోటను ఫిరంగులతో పట్టుకున్నాడు. కాగితం మీది కోటాధిపతి పాండిచ్చేరి మేడలోనే ఉన్నాడు.

సద్రాస్‌లో ముద్రల తగువు

ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే ఘట్టం 1754 జనవరిలో జరిగింది. యుద్ధంతో అలసిన రెండు కంపెనీలు మద్రాసుకు, పాండిచ్చేరికి మధ్య డచ్చివారి స్థావరమైన సద్రాస్‌లో మాటలకు కూర్చున్నాయి. ఇంగ్లీషువారు ఆర్కాటు నవాబుగా అన్వరుద్దీన్ కొడుకు మహమ్మద్ అలీని నిలబెట్టారు. ఫ్రెంచివారు డూప్లే హక్కును నిలబెట్టారు. ఇరుపక్షాలూ పాదుషా పేరు, నిజాం పేరు చెప్పుకున్నాయి. ఫ్రెంచివారు సనదులు, ఫర్మానాలు బల్లమీద పరిచారు. పాదుషా పేరున్న పత్రం మీది ముద్రను ఇంగ్లీషువారు శంకించారు. మరి మీ పత్రాలేవని ఫ్రెంచివారు అడిగితే, అవి తిరుచ్చిరాపల్లిలో ఉన్నాయన్నారు. కొద్ది రోజుల్లోనే సభ చెదిరిపోయింది.

లండన్, పారిస్ వర్తకుల ప్రతినిధులు ఢిల్లీ ముద్ర అసలుదా నకిలీదా అని వాదించుకున్నారంటే, ఆ ముద్రకు ఇంకా విలువ ఉన్నట్టే. విలువలేని దానికి నకిలీ ఎవరు చేస్తారు? కానీ ఆ పత్రాలను తీసుకెళ్లి ఏది అసలుదో చెప్పమని అడిగే చోటు లేదు. నైనియ పిళ్ళై కేసుకు పారిస్ ఉంది. జర్మన్ ప్రభువుల తగవుకు సామ్రాజ్య న్యాయస్థానం ఉంది. మద్రాసు, పాండిచ్చేరి తగవుకు ఢిల్లీ లేదు. సద్రాస్‌లో తేలనిది యుద్ధభూమికి తిరిగిపోయింది.

ఆ ఏడాదే డూప్లేను ఫ్రాన్స్ వెనక్కి పిలిచింది. కొత్తగా వచ్చిన గొడెహ్యూ ఇంగ్లీషువారితో తాత్కాలిక ఒప్పందం చేసుకున్నాడు. అందులో మొదటి షరతే, మొగలాయీ పదవులు, బిరుదులు రెండు కంపెనీలూ వదులుకోవాలన్నది. నిచ్చెన దిగిపోదామని వాళ్లు రాసుకున్నారు. ఎవరూ దిగలేదు.

తెలుగు నేల మీద ఆ సనదులు

తెలుగువారికి ఈ కథ మరీ దగ్గరగా వచ్చేది ఇక్కడే. 1753 చివర్లో సలాబత్ జంగ్ సనదు మీద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు బుస్సీకి సైన్యం ఖర్చు కింద వచ్చాయి. తీరాంధ్రలోని జమీందార్ల మీద పేష్కషు వసూలు చేసే అధికారం అలా ఫ్రెంచివారి చేతికి చిక్కింది. 1757 జనవరిలో విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన బుస్సీ బొబ్బిలి కోట మీదికి వెళ్లడం, కోటలో జరిగిన దారుణం మన కథల్లో, పాటల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఇద్దరు జమీందార్ల పాత పగ అది. వాళ్ల మధ్య తగువు తీర్చాల్సిన పైవాడు హైదరాబాద్‌లో ఉన్నాడు గానీ, ఆయన పేరుతో వచ్చింది న్యాయాధికారి కాదు, ఫిరంగుల దండు. గుమ్మం మూతబడితే నేల మీద ఏం జరుగుతుందో బొబ్బిలి చెప్పినంత స్పష్టంగా ఏ సంధి పత్రమూ చెప్పదు.

1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. సర్కార్లు చేయిజారాయి. ఆ కాలపు ఫ్రెంచి ఉనికికి గుర్తుగా గోదావరి ఒడ్డున యానాం మిగిలింది. నేటికీ అది పుదుచ్చేరిలో భాగమే.

చివరి రోజులు

డూప్లే వెళ్లిపోయాక పిళ్ళై వెలుగు తగ్గింది. 1756లో ముఖ్య దుబాసీ పదవి పోయింది. ఆరోగ్యం దెబ్బతింది. 1758లో వచ్చిన కౌంట్ లాలీకి ఇక్కడి పద్ధతులు, మర్యాదలు, కానుకలు అర్థం కాలేదు, ఓర్పూ లేదు. మద్రాసు ముట్టడి విఫలమైంది. 1760 జనవరిలో వందవాసి దగ్గర ఓడిపోయాక పాండిచ్చేరిని ఇంగ్లీషు సేనలు చుట్టుముట్టాయి. ఊళ్లో తిండి కరువైంది. ఆ మూలుగుల మధ్య పిళ్ళై మంచం పట్టాడు. 1761 జనవరిలో చనిపోయాడు. ఆయనకు యాభై రెండు నిండలేదు. ఆ నెల 16న నగరం లొంగిపోయింది. తర్వాత ఇంగ్లీషువారు కోటను, ఊళ్లోని ఫ్రెంచి కట్టడాలను నేలమట్టం చేశారు.

పిళ్ళైని కీర్తించిన సాహిత్యం మూడు భాషల్లో మిగిలింది. తెలుగులో రంగకవి ఛందోగ్రంథం, సంస్కృతంలో శ్రీనివాస కవి 1752లో రాసిన ఆనందరంగ విజయ చంపువు, తమిళంలో త్యాగరాజ దేశికర్ ఆనందరంగన్ కోవై. ఫ్రెంచి కొలువులోని ఒక వర్తకుణ్ని కవులు రాజును పొగిడినట్టు పొగిడారు. మన్సబు, బిరుదు ఉన్నవాడికి ఆ పొగడ్త లోకం దృష్టిలో అసంగతంగా కనబడలేదు. ఆ బిరుదు ఎన్ని కోటలు పట్టిందన్నది వేరే లెక్క.

ఆ తర్వాత కూడా చెల్లిన పేరు

పిళ్ళై పోయాక కథ ఆగలేదు. 1764లో బక్సర్ దగ్గర పాదుషా షా ఆలం పక్షం ఇంగ్లీషువారి చేతిలో ఓడింది. మరుసటేడు గెలిచినవాడు ఓడినవాడి దగ్గరికి వచ్చి దివానీ ఫర్మానా పుచ్చుకున్నాడు. బెంగాల్, బీహార్, ఒరిస్సాల రాబడి హక్కు అలా కంపెనీకి వచ్చింది. ఉత్తర సర్కార్లకూ క్లైవు అదే పాదుషా దగ్గర ఫర్మానా తీసుకున్నాడు. నిజాం ఒప్పుకోకపోతే అది చెల్లదని తెలిసి, 1766లో హైదరాబాద్‌తో వేరే ఒప్పందం చేసుకున్నారు. ఆ మంతనాల్లో ఇంగ్లీషువారి తరఫున కాండ్రేగుల జోగిపంతులు అనే తెలుగు దుబాసీ పాత్ర పెద్దది. పిళ్ళై చేసిన పనే, గెలిచిన పక్షంలో.

కంపెనీ నాణేల మీద పాదుషా పేరు 1835 దాకా నడిచింది. ఢిల్లీలో పాదుషా ఉండటం 1857తో ముగిసింది. అటు పవిత్ర రోమన్ సామ్రాజ్యాన్ని 1806లో నెపోలియన్ ఒత్తిడి మీద చక్రవర్తే రద్దు చేశాడు. రెండు సామ్రాజ్యాలూ తమ బలం కంటే చాలా ఎక్కువ కాలం బతికాయి. కింద ఉన్నవాళ్లకు తాము పట్టుకున్నదాన్ని హక్కుగా మార్చే పేరొకటి కావాలి. బలం ఉన్నవాడికి కూడా అది కావాలి. ఒంటరిగా బలం మీద నిలబడితే, రేపు తనకంటే బలవంతుడు వస్తే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

తేడా మధ్యకాలంలో ఉంది. జర్మన్ నేలలో చిన్న ప్రభువులు, స్వేచ్ఛా నగరాలు శతాబ్దాలు బతికాయి. పేరుతోపాటు తగవు చెప్పుకునే గుమ్మం కూడా వాళ్లకు మిగిలింది. ఇక్కడ పేరు మిగిలి గుమ్మం పోయింది. దాంతో ఆ పేరును అరువు తెచ్చుకున్నవాడు తక్కినవాళ్లందరినీ వరసగా మింగాడు. మొదట ఫ్రెంచివారు ప్రయత్నించారు, తర్వాత ఇంగ్లీషువారు సాధించారు. కేంద్రం బలహీనంగా ఉండటం వల్లే రాజ్యాలు కూలిపోతాయన్న మాట మనం తరచూ వింటాం. పిళ్ళై కాలం దాన్ని కొంచెం సవరిస్తుంది. బలహీనమైన కేంద్రం కింద కూడా భాగాలు బతకగలవు. వాటి మధ్య తగవులు తీర్చే నమ్మకమైన చోటు పోయినప్పుడే ప్రమాదం.

పిళ్ళై మన్సబు ఆయనతోనే పోయింది. డైరీ మాత్రం మిగిలింది. 1846లో గాల్వా మోంబ్రాన్ అనే ఫ్రెంచి అధికారి ఆ సంపుటాలను వెలికితీశాడు. ఇంగ్లీషు అనువాదం 1904 నుంచి 1928 దాకా పన్నెండు సంపుటాలుగా అచ్చయింది. వేయించింది మద్రాసు ప్రభుత్వం, అంటే పిళ్ళై యజమానులను ఓడించినవాళ్ల వారసులు.